ఎనిమిదో రోజు వంకాయలు

పోయిన వారం నరసరావుపేటలో కొత్తగా తెరిచిన ఏసీ కూరగాయల కొట్టుకి వెళ్లాను. వెళ్లాను అనడం కన్నా మా ఆవిడ తరిమింది అనడం నిజం. ఇంట్లో పద్నాలుగు రోజులుగా పప్పు, పప్పుచారు, ముద్దపప్పు నడుస్తున్నాయి. ఇంకొక్క పూట గడిస్తే నా చెవుల్లోంచి కందిమొక్కలు మొలిచే పరిస్థితి.

ఆ కొట్టులో వంకాయల్ని తెల్లటి పళ్లాల్లో పడుకోబెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, తల దగ్గర లైటు పెట్టారు. పసిపిల్లల్ని కూడా అంత శ్రద్ధగా పడుకోబెట్టగా నేను చూడలేదు. ఒక్కో కాయ ఎంత నున్నగా ఉందంటే, దాంట్లో నా మీసం కనిపించింది, మీసంలో ఒక తెల్ల వెంట్రుక కనిపించింది, అక్కడే నిలబడి దాన్ని పీక్కున్నాను కూడా. పైన పెద్ద బోర్డు: పురుగుమందుల్లేని స్వచ్ఛమైన కూరగాయలు. పక్కన నవ్వుతున్న రైతు బొమ్మ. పల్నాడులో వంగతోట వేసిన రైతు అంత తెల్లటి చొక్కా తొడుక్కుని, అన్ని పళ్లు కనపడేలా నవ్వడం నా యాభై రెండేళ్లలో ఎక్కడా చూడలేదు.

"వీటికి మందు ఎప్పుడు కొట్టారండీ?" అని కౌంటరులో ఆయన్ని అడిగాను.

ఆయన బిల్లు మిషను ఆపేశాడు. ఏసీ కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టిందని నా అనుమానం.

"బోర్డు చూళ్లేదా సార్? కొట్టరు."

"ఎవరు కొట్టరు?"

"రైతు."

"ఏ ఊరి రైతు?"

"సార్, తెల్లారేసరికి బండొస్తది, దించుకుంటాం. వంకాయకి ఊరు, ఇంటిపేరు, గోత్రం కూడా కావాలంటే ఎట్టా సార్? సంబంధం కలుపుకుంటారా ఏంది? తీసుకుంటే తీసుకోండి, మీ ఎనకాల జనం ఉన్నారు."

వెనకాల జనం నన్ను, పెళ్లిలో ఐస్‌క్రీము దగ్గర వరస ఆపేసినవాడిని చూసినట్టు చూశారు. ఖాళీ సంచితో బయటపడ్డాను. ఆయన తప్పేం లేదు. నన్నిలా ఏ కొట్టుకీ పనికిరాకుండా చెడగొట్టిన మనిషి వేరే ఉంది. డెబ్బై దాటిన ఆ మనిషి మూడు వారాల కిందట నిద్రలోనే వెళ్లిపోయిందని ఆమె కోడలు మా ఇంటికి ఫోన్ చేసి చెప్పింది.

మా వీధి మొత్తానికి ఆమె 'అత్త', మా ఆవిడకి మాత్రం పిన్ని. ఆమెకొక పేరు ఉండే ఉంటుంది. ఆధార్ కార్డు అంటూ ఉన్నాక పేరు తప్పదు కదా. కానీ ఇరవై ఏళ్లలో ఆ పేరు మాకు అవసరపడలేదు. రాజుపాలెం అవతల ఒక పల్లె. ఎకరం కన్నా తక్కువే తోట. అందులో వంగ, పక్కన నాలుగు సాళ్లు బెండ. వారానికి ఒకటో రెండో సార్లు మొదటి బస్సెక్కి, గంప నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి వచ్చేది. మనిషి నాలుగున్నర అడుగులు. గంపతో కలిపి ఆరు. గొంతు మాత్రం మాచర్ల దాకా.

ఆమె కేక వేరే. మిగిలినవాళ్లు "తాజా కూరగాయలో, ఇప్పుడే కోసినయ్యో" అని అరుస్తారు. ఈమె వీధి మొదట్లో గంప దించి, నడుం మీద చెయ్యేసుకుని, ఆకాశంలో ఎవరినో తిడుతున్నట్టు తల పైకెత్తి, "వంకాయలో! ఎనిమిదో రోజు వంకాయలో! బెండకాయలో! పదకొండో రోజు బెండలో!" అని అరిచేది.

మూలింట్లోకి కొత్తగా అద్దెకొచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఇది విని హడలిపోయాడు. మా ఇంటికొచ్చి, "ఈ వీధిలో ఎనిమిది రోజులు నిలవున్న వంకాయలు అమ్ముతున్నారండీ, మీరెవరూ ఏమీ అనరా?" అన్నాడు. అత్త నా గుమ్మంలోనే కూర్చుని మంచినీళ్లు తాగుతోంది.

"ఏందయ్యా, బ్యాంకులో లెక్కలు చూసేది నువ్వేనా?" అంది చెంబు దించి. "కోసి ఎనిమిది రోజులు కాదు. మందు కొట్టి ఎనిమిది రోజులు. కోసింది ఇయ్యాల తెల్లారగట్టే. ఇదిగో తొడిమె చూడు, నీ మొహం కన్నా పచ్చగా ఉంది."

ఆయన మొహం ఇంకాస్త పాలిపోయింది. "అంటే మందు కొడతావా?"

"కొట్టకుండా వంగ పండిద్దా? నేనేమన్నా రుషిపత్నినా? పురుగు నాకేమన్నా మేనల్లుడా, ఊరుకోడానికి? కొడతా. కొట్టి, ఆ డబ్బా మీద ఎన్ని రోజులు కొయ్యొద్దని రాశారో అన్ని రోజులు నోరు మూసుకుని కూచుంటా. అంతే."

ఈ 'అంతే' అన్న మాట ఆమె చీపురుపుల్ల తీసి పక్కన పెట్టినంత తేలిగ్గా అనేది. అదెంత కష్టమో నాకు చాలా కాలానికిగాని తెలియలేదు. తోటలో కాయ దిగింది, బజారులో ధర ఉంది, పక్క చేలవాళ్లు మందు కొట్టిన మర్నాడే కోసి సంచులకెత్తుతున్నారు. ఈమె మాత్రం కాయ ముదిరిపోతుంటే చూస్తూ కూర్చునేది. ముదిరిన కాయల్ని కోసి గట్టున పారబోసేటప్పుడు ఒక్కోదాన్నీ పేరుపెట్టి తిట్టేదట. "నాలుగు రోజులాగలేకపోయినావే, ముదనష్టపుదానా" అని.

మా ప్రాంతంలో చాలామంది ఇంటి కోసం ఒక సాలు విడిగా ఉంచుకుంటారు. దానికి మందు కొట్టరు. చేలో మిగతాది ఊరికి, ఆ సాలు కంచానికి. ఇదేం రహస్యం కాదు, ఆ సాలు చివర గుర్తుకి ఒక గుడ్డపీలిక కూడా కడతారు. నేనొకసారి పెద్ద తెలివిగలవాడిలా, "అత్తా, నీ ఇంటి సాల్లో కాయలు నాకు రెండు కేజీలు తెచ్చిపెట్టకూడదూ?" అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపుకి నా చెప్పులు వేడెక్కాయి.

"నా తోటలో ఇంటికో సాలు, ఊరికో సాలు లేదు అల్లుడా. మా ముసలోడు తిన్న చెట్టు కాయే నువ్వూ తింటన్నావ్. నీకు ఇంకోటి కావాలంటే నీ మిద్దె మీద ఏసుకో."

వేసుకున్నాను. ఆరు కుండీలు, ఆరు వంగమొక్కలు. మూడు నెలల భగీరథ ప్రయత్నం తర్వాత బొటనవేలంత కాయ ఒకటి కాసింది, దాంట్లో చూపుడువేలంత పురుగు ఉంది. కాయ కన్నా పురుగే పెద్దదని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. దాన్ని గర్వంగా ఆమెకి చూపించాను. "చూశావా అత్తా, పురుగుందంటే మందు లేనట్టే!"

"ఎవరు చెప్పారు నీకు?" అంది ఆ కాయని ఇటూ అటూ తిప్పుతూ. "పుచ్చు చూసి కొనేవాళ్లని చానామందిని చూశా. మందు కొట్టకముందు దూరిన పురుగు లోపలే ఉండిద్ది, పైన మందు పైనే ఉండిద్ది. రెండూ కలిపి తింటారు తెలివిగలోళ్లు. మందుకి కళ్లు లేవు అల్లుడా. పురుగెవరో నువ్వెవరో దానికి తెలవదు."

చదువు రాని మనిషి ఇన్ని రోజుల లెక్క ఎలా పెట్టేదని మీకు అనుమానం రావచ్చు. మందుల కొట్టు ఆయన దగ్గర డబ్బా మీది చీమకళ్లంత అక్షరాలు పట్టుబట్టి చదివించుకునేది. "ఎవరు చూడొచ్చారు అత్తా" అని ఆయన విసుక్కుంటే, "నేను చూడలేనుగందా, నువ్వే చూడు" అని బల్ల ముందు నుంచి కదిలేది కాదు. ఏడు రోజులని చెబితే ఆ సాయంత్రం మందు కొట్టడం అయిపోగానే పైటచెంగుకి ఏడు ముళ్లు. రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పడం. అన్నీ విప్పేసిన మర్నాడు కోత. చెంగుకి ఒక కొస వంకాయలది, రెండో కొస బెండకాయలది. చీర మార్చినప్పుడు ముళ్లు ఆ చీర నుంచి ఈ చీరకి బదిలీ అయ్యేవి. గవర్నమెంటు ఉద్యోగుల బదిలీలు కూడా అంత నిక్కచ్చిగా జరగవు. ఆమె పైటచెంగుని ఒక ఫైలుగా పెట్టుకుని వ్యవసాయ శాఖ వాళ్లు ఒక జిల్లా మొత్తం నడుపుకోవచ్చని నేనంటే, "ఉతికేటప్పుడు ఫైలు ఎక్కడ ఆరేసుకుంటారో" అనేది మా ఆవిడ.

మా ఆవిడ నోటి వాక్కు ఎంత బలమైనదో నాకు పెళ్లయిన నాటి నుంచి తెలుసు. అయినా ఇంత త్వరగా ఫలిస్తుందనుకోలేదు.

నాలుగేళ్ల కిందటి వేసవి. రెంటచింతల ఎండ దారి తప్పి నరసరావుపేట వచ్చి మా వీధిలోనే మకాం పెట్టిన రోజులు. ఒకరోజు పొద్దున్నే అత్త వచ్చి, "ఎనిమిదో రోజు వంకాయలో!" అని అరిచి, గంప ఖాళీ చేసుకుని బస్టాండుకి వెళ్లిపోయింది. కొంచెం నీరసంగా ఉందని, జ్వరం వచ్చి తగ్గిందని మా ఆవిడతో చెప్పిందట. ఆ రోజు మా ఇంటికి గుంటూరు నుంచి మా తోడల్లుడు భోజనానికి వస్తున్నాడు. ఈయనకి ఎదుటివాళ్ల వంటలో లోపం కనిపెట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. ఆయన నోరు మూయించాలని మా ఆవిడ గుత్తివంకాయ కూర మొదలుపెట్టింది. ఆ మసాలా వాసనకి వీధిలో కుక్కలు కూడా మా గుమ్మం ముందు మర్యాదగా కూర్చున్నాయి.

పన్నెండున్నరకి తోడల్లుడు కంచం ముందు కూర్చున్నాడు. వంకాయని రెండు వేళ్లతో చిదిమి, అన్నంలో కలిపి, ముద్ద చేసి, నోటి దాకా తెచ్చి, ఆయన జీవితంలో మొదటిసారి మెచ్చుకోవడానికి నోరు తెరిచాడు. అదే క్షణాన వీధి తలుపు దడాలున తెరుచుకుంది.

"ఆపండి! ఎవరూ తినొద్దు!"

అత్త. చెమటతో తడిసి, కొప్పూడి, ఒక చేతిలో చెప్పులు. నేరుగా లోపలికొచ్చి తోడల్లుడి చేతిలో ముద్దని చేత్తోనే కంచంలోకి కొట్టి, కంచం లాగేసుకుని, పొయ్యి మీద గిన్నె కూడా ఎత్తుకుని, పెరట్లోకి వెళ్లి బొక్కెనలో గుమ్మరించింది. ఇదంతా నేను కళ్లార్పేలోపు. మా తోడల్లుడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"పిన్నీ, ఏంది ఇది! పొద్దుటి నుంచీ చేశా!" అని మా ఆవిడ ఏడుపుమొహం పెట్టింది.

"ఎనిమిదో రోజు కాదే అమ్మాయ్, అయిదో రోజు! కోడలు ఇప్పుడే ఫోన్ చేసింది. మా ఇంట్లో కూరకుండ బోర్లించాకే చేసింది. ఇంకా పది ఇళ్లున్నయ్, తర్వాత తిడుదువు గానీ, పక్కకి జరుగు!"

జరిగింది ఇది. మందు కొట్టాక రెండు ముళ్లు విప్పింది, అయిదు మిగిలాయి. అంతలో ఒళ్లు తెలియని జ్వరం. కోడలు మంచి మనసుతో ఆ చీర తీసి ఉతికేసింది. ముళ్లుంటే మురికి పోదని అన్నీ విప్పింది. ఆరేశాకగాని చేసిన పని తెలిసిరాలేదు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. అడిగితే అత్త తిడుతుంది. తోచినట్టు రెండు ముళ్లు వేసి, చీర మడత పెట్టి మంచం మీద పెట్టింది. జ్వరంలో రోజుల లెక్క తప్పిన అత్త, రోజూ అలవాటుగా ఒకటి విప్పుకుని, ముళ్లు అయిపోయాయని కోసేసింది. అత్త నీరసానికి బస్సులొదిలేసి మా బస్టాండులోనే నడుం వాల్చి ఉండగా, పన్నెండు గంటల వేళ కూలికి మందు కొట్టే మనిషి వాళ్లింటికొచ్చి, "నేను కొట్టి అయిదు రోజులేగా, అప్పుడే కోశారేంది?" అనేసరికి కోడలికి విషయం అర్థమైంది. ఫోనులో మొదటి మాట, "అత్తా, ఒకటి చెప్తా, కొట్టొద్దు."

"నువ్వు ముప్పై మైళ్ల అవతలున్నావ్, ఎట్టా కొడతానే!" అందట ఈమె. ముప్పై మైళ్లు లేదు. కోపంలో దూరం నాకు మల్లే ఆమెకీ పెరుగుతుంది.

ఏ ఇంటికి ఎన్ని కాయలిచ్చిందో ఆమెకి గుర్తే. మా వీధిలో ఆ మధ్యాహ్నం వంకాయలు సకల అవస్థల్లోనూ ఉన్నాయి. ఒకరింట్లో సంచిలోనే, ఒకరింట్లో ఉప్పునీళ్లలో ముక్కలుగా, ఒకరింట్లో రోట్లో పచ్చడిగా, బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఫ్రిజ్జులో తాళం వేసినంత భద్రంగా. అన్నిటినీ పట్టి గంపలో పోసింది. ఆయన మాత్రం, "సగం చల్లారిన కూరని కూడా జప్తు చేస్తారా?" అని చట్టం మాట్లాడబోయాడు. ఆమె ఆయన చేతిలో గరిటె కూడా తీసుకుంది.

చివరి ఇల్లు టీచరమ్మది. రెంటచింతలలో పుట్టి, ఇక్కడ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలో పాట తప్పినవాణ్ణి వెనక్కి తిరక్కుండానే పేరు పెట్టి చెప్పగలదు. కూతురు ఏడో నెలతో పురిటికి వచ్చి ఉంది. ఆ పిల్లకి ఆకలి ఆగదని పదకొండున్నరకే అన్నం పెట్టారు. అంటే ఆ ఇంటి వంకాయలు కడుపులో ఉన్నాయి.

గుమ్మంలో ఆ మాట విన్న అత్త అక్కడే కూలబడింది. మా వీధిలో ఆమె కూర్చోగా చాలాసార్లు చూశాను. కూలబడగా అదే చూడటం.

"ఎన్ని తిన్నావమ్మా?"

"రెండు ముక్కలే అత్తయ్యా. నాకు వంకాయ ఎక్కువ ఇష్టం ఉండదు" అంది ఆ పిల్ల. అబద్ధం. కంచం నిండా తొడిమలున్నాయి.

ఆటో పిలిచాను. టీచరమ్మ, కూతురు, అత్త వెనకాల, నేను డ్రైవరు పక్కన వేలాడుతూ. డాక్టరమ్మ అంతా విని, నవ్వాలో కోప్పడాలో తేలక, "ఏం మందు అది?" అని అడిగింది. అత్త ఫోన్ తీసి కోడలికి కలిపింది.

"డబ్బా తీసుకో. చదువు."

"పేరు చదవనా అత్తా?"

"పెద్దక్షరాలు పోస్టర్లకే. చిన్నవి చదవ్వే! ఒక్కటి కూడా వదలొద్దు. పదో తరగతి దాకా చదివించారుగా నిన్ను, ఇయ్యాల పనికొచ్చింది, చదువు!"

అవతల కోడలు ఏడుస్తూ చదివింది. కంపెనీ చిరునామా, ఎండ తగలనిచోట ఉంచాలన్న సంగతి, ఖాళీ డబ్బా పూడ్చిపెట్టాలన్న సంగతి, ఏడు రోజులు ఆగాలన్న సంగతి, అన్నీ. డాక్టరమ్మ పిల్లని బాగా పరీక్ష చేసింది. ఇప్పటికి ఏ ఇబ్బందీ కనపడలేదు, వాంతులు గాని, కళ్లు తిరగడం గాని ఉంటే వెంటనే తీసుకురండి అని పంపింది. బయటికొస్తుంటే అత్తని ఆపి, "ఇలా వచ్చి చెప్పిన మనిషిని నేను చూళ్లేదమ్మా" అంది. అత్తకి ఆ పొగడ్త వినే తీరిక లేదు. పిల్ల మెట్లు దిగుతుంటే పాదాలకేసి చూస్తోంది, తూలుతోందేమోనని.

ఆ సాయంత్రం దాకా టీచరమ్మ అరుగు మీంచి కదల్లేదు. ప్రతి పావుగంటకీ లోపలికి తొంగిచూడటం, "కళ్లు తిరుగుతున్నయ్యా?" అని అడగటం. నిద్రపోతే లేపి మరీ అడిగింది. నాలుగు గంటలకి ఆ పిల్ల దుప్పటి ముసుగులోంచి, "అత్తయ్యా, నువ్వడిగి అడిగే నాకు కళ్లు తిరుగుతున్నాయి, దణ్ణం పెడతా" అంది. చివరికి టీచరమ్మ బయటికొచ్చి, బెత్తం లేదన్న మాటేగాని పూర్తి క్లాసురూం గొంతుతో అంది.

"వదినా, నువ్వు నోరు మూసుకుని ఊళ్లో కూచుంటే మేం హాయిగా తిని, హాయిగా నిద్రపోయేవాళ్లం. వచ్చి చెప్పి మా ప్రాణాలు తోడేశావు. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కొద్దు."

అత్త తలూపింది. "తొక్కను టీచరమ్మా. పిల్ల రేత్రికి ఎట్టుందో ఈ అల్లుడికి చెప్పు, నాకు ఫోన్ చేసి చెప్తాడు." పట్టిన కాయలన్నీ మా పెరట్లో గొయ్యి తీసి పూడ్చి, ఆఖరి బస్సుకి వెళ్లిపోయింది. ఖాళీ గంప ఆ రోజు ఆమె నెత్తిన లేదు, చంకలో ఉంది.

ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు పిల్ల బాగానే ఉంది. కానీ వీధి బాగాలేదు. ఇన్నాళ్లలో ఇలా ఎన్నిసార్లు జరిగిందో అని ఒకరు, ముళ్లని నమ్ముకుని తిన్నామా అని ఒకరు. ఈసారి వస్తే ఎవరూ కొనొద్దని ఒక తీర్మానం లాంటిది జరిగింది. ఐక్యరాజ్యసమితిలో కూడా అంత ఏకాభిప్రాయం కుదరదు. ఆమెకి ఆ తోట, ఈ వీధి తప్ప వేరే ఆధారం లేదు. బజారులో హోల్‌సేలు వాళ్లు రోజుల లెక్క అడగరు, రోజూ సరుకు అడుగుతారు. మా వీధి వద్దంటే ఆమె కూడా అందరిలా మర్నాడే కొయ్యాలి, లేదా తోట మానుకోవాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ నేను కూడా ఆ తీర్మానంలో తలూపాను. తోడల్లుడి ముందు పోయిన పరువు అలాంటిది.

వారం తర్వాత వచ్చింది. గంప వీధి మధ్యలో దించింది. కేక వెయ్యలేదు. పన్నెండేళ్ల పిల్ల బడికి ఆలస్యంగా వచ్చినట్టు నిలబడింది.

"రోజుల లెక్క నాది కాదు ఇకమీదట" అంది, ఏ ఇంటి వైపూ చూడకుండా, అందరికీ వినపడేలా. "ముళ్లు మానేశా. మా కోడలు డబ్బా మీది మాట చదివి, తలుపు మీద సుద్దతో తేదీ రాస్తంది. అది చెప్పినాకే నేను చేలోకి పోతా. తప్పు చేసిన దానికే తాళం ఇచ్చా. ఇక అది తప్పు చెయ్యదు. కొంటే కొనండి."

కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. తలుపొక్కటీ తెరుచుకోలేదు. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను. అరగంటలో ఒకే వార్త పద్దెనిమిది సార్లు చదివాను. అదీ టెండరు ప్రకటన.

అప్పుడు టీచరమ్మ కూతురు బయటికొచ్చింది. ముందు కడుపు వచ్చింది, తర్వాత ఆ పిల్ల. వెనకాల టీచరమ్మ కేకలు. పిల్ల గంప దగ్గర కూర్చోలేక నడుం పట్టుకుని నిలబడి, "అరకేజీ ఇవ్వు అత్తయ్యా" అంది. "అమ్మా, నువ్వాగు! రైతుబజార్లో నువ్వు కొనుక్కొచ్చినయ్యి ఎన్నాళ్లవో ఎవరన్నా చెప్పారా నీకు? తప్పయిందని పరిగెత్తుకొచ్చినావిడ దగ్గర కాక ఇంకెవరి దగ్గర కొంటాం?"

కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. మొదటి బేరం. అదీ ఆ ఇంటి నుంచి. ఎవరైనా అయితే కళ్లకద్దుకుని తూచి ఇచ్చేవాళ్లు.

"నీకివ్వను" అంది అత్త.

"ఏంది?"

"నీకు పురుడయ్యిందాకా నా చేతి వంకాయ నీకు లేదు. నీ వల్ల ఆ సాయంత్రం నాకు పదేళ్లు పోయినయ్. పోయి సొరకాయ తిను."

ముందు టీచరమ్మ నవ్వింది. ముప్పై ఏళ్లు క్లాసులో నవ్వకుండా దాచుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టుంది, చాలాసేపు ఆగలేదు. తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. తీర్మానం చేసినవాళ్లలో మొదట గంప దగ్గరికి చేరింది బ్యాంకు ఉద్యోగి. ఆయన గరిటె ఆయనకి తిరిగి వచ్చింది, తోమి మరీ తెచ్చింది. నేను వెళ్లేసరికి అడుగున మూడు కాయలు మిగిలాయి.

"ఏం అల్లుడా, పేపరు అయిపోయిందా?" అంది, కాయలు సంచిలో వేస్తూ. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే నేను తేలిగ్గా బతికిపోయేవాణ్ణి.

ఆ తర్వాత నాలుగేళ్లు అలాగే నడిచింది. కోడలు రాయడం, అత్త కొయ్యడం, మేం తినడం. టీచరమ్మ మనవడు నోటికి మాట రాగానే వీధిలో అత్తలా తలపైకెత్తి అరవడం మొదలుపెట్టాడు. అత్త పోయిందని ఫోన్ వచ్చిన రోజు మేం నలుగురం ఆ పల్లెకి వెళ్లొచ్చాం. కోడలితో ఎవరం తోట మాట ఎత్తలేదు. ఆ సమయంలో వంకాయల సంగతి అడగడానికి మా తోడల్లుడికి కూడా నోరు రాదు. ఆ తోట ఇంకెవరికైనా కౌలుకిచ్చేస్తారని, మా వీధి ఇక ఏసీ కొట్ల పాలేనని లోలోపల అందరం అనుకున్నాం. మూడో వారం నేను ఆ కొట్టుకి వెళ్లి పడ్డ అవస్థ చెప్పాను కదా.

నిన్న పొద్దున్నే ఎనిమిది గంటలకి మా వీధి మొదట్లో కోడలు కనిపించింది. నెత్తిన అదే గంప. సన్నటి మనిషి, గొంతు పెద్దది కాదు, కేక వెయ్యడం రాదు. మూడిళ్లు దాటి వచ్చి మా గుమ్మం ముందు గంప దించేదాకా ఎవరికీ తెలియలేదు. తెలిసిన మరుక్షణం ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. మా ఆవిడ చేట పట్టుకుని పరిగెత్తింది, టీచరమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది.

గంపలోకి తొంగిచూశాం. అడుగున ఒక పాత గోనెపట్టా తప్ప ఏమీ లేదు.

"అమ్ముడైపోయినయ్యా? అప్పుడే?" అంది మా ఆవిడ, పక్కవీధి మీద అప్పటికప్పుడు యుద్ధం ప్రకటిస్తూ.

"లేదు వదినా" అంది కోడలు. ఎండకి మొహం ఎర్రబడింది, చెంగుతో తుడుచుకుంది. "కర్మలైందాకా తోట వంక పోలేదు. పురుగు పడింది. మొన్న మందు కొట్టించా. ఇంకా అయిదు రోజులుంది. కాయ మాత్రం దిగింది, బజారోళ్లు వచ్చి ఇమ్మన్నారు. ఇయ్యలా." కాస్త ఆగింది. "మీరు ఎదురుచూస్తన్నారేమో, ఎవరికన్నా మాటిచ్చేసుకుంటారేమో అని... చెప్పిపోదామని వచ్చా."

లేని వంకాయల కోసం రాజుపాలెం అవతల నుంచి రెండు బస్సులు మారి, నెత్తిన ఖాళీ గంప మోసుకొచ్చిన మనిషికి మా ఆవిడ చేట కింద పడేసి మంచినీళ్ల చెంబు తెచ్చిచ్చింది.

"ఫోన్ చేస్తే సరిపోయేదిగా పిల్లా!" అంది టీచరమ్మ.

"ఫోన్లో చెప్తే నమ్ముతారో లేదోనని" అంది కోడలు, తల దించుకుని.

టీచరమ్మ మనవణ్ణి కిందికి దించింది. గంప దగ్గరికి వచ్చి, నిండుగా ఉన్న గంప ముందు నిలబడ్డట్టు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"కాయితం, పెన్సిల్ ఉన్నయ్యా నీ దగ్గర? రాసుకో. సోమవారానికి నాకు రెండు కేజీలు. మొదటి పేరు నాదే, ఎవరు తోసుకున్నా ఊరుకోను."

"నాకు మూడు!" అంది మా ఆవిడ. "మా చెల్లెలి మొగుణ్ణి మళ్లీ భోజనానికి పిలవాలి."

కోడలు గోనెపట్టా పక్కకి జరిపి నోటుపుస్తకం కోసం వెతుక్కునేలోపు మా వీధి మొత్తం ఆ ఖాళీ గంప ముందు వరస కట్టింది. బ్యాంకు ఉద్యోగి మధ్యలో దూరబోతే, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నేను, ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.